బావ కొట్టిన గోలు

బెల్లంపల్లిలో కార్మికుల క్వార్టర్ల చివరి వరుసలో సరోజన ఇల్లు. ఆ ఇంటి గోడకు ఆనుకునే హనుమండ్లు చాయ్ హోటల్. ఒక గోడకు అటు చాయ్ కాగుతుంటే ఇటు సరోజన బొగ్గు పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తుండేది. హోటల్లో రేడియో మోగినా, ఎవరైనా గొంతు పెంచినా ఆమెకు తన ఇంట్లో మాట్లాడినట్టే వినబడేది. ఫుట్‌బాల్ సంగతులన్నీ ఆమెకు అట్లా గోడ దాటి వచ్చినవే.

హనుమండ్లు పెద్ద యుద్ధంలో పటాలంతో ఇటలీ దాకా వెళ్లి వచ్చినవాడు. అక్కడ తెల్ల సిపాయిలు ఆడే బంతాట చూశాడు, పనికొచ్చేంత ఇంగ్లీషు నేర్చాడు. తిరిగొచ్చాక హోటల్ పెట్టుకుని, కూడబెట్టిన పైసలన్నీ పోసి ఒక పెద్ద రేడియో కొన్నాడు. పొద్దున లండన్ వార్తలు విని, అందులోని ఆటల ముచ్చట్లు సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన వాళ్లకు తెలుగులో విప్పి చెప్పేవాడు. రెండు రోజులు ఆలస్యంగా రైల్లో వచ్చే ఇంగ్లీషు పేపరు మిగతాది చెప్పేది. యూరప్ దేశాల క్లబ్బులన్నీ కలిసి ఆడే కప్పు ఒకటి మొదలైందనీ, మొదలైన నాటి నుంచీ దాన్ని రియల్ మాడ్రిడ్ అనే క్లబ్బు ఒక్కటే గెలుస్తోందనీ బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లకు తెలిసింది హనుమండ్లు నోటి నుంచే.

సరోజన పెనిమిటి రాయమల్లు ఆ క్లబ్బును తనది చేసుకున్నాడు. అతను బాయిలో ఫిల్లరు, టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే పని. బాయి జట్టులో ముందు వరుసలో ఆడేవాడు. గెలిచేవాళ్లంటే అతనికి ఇష్టం. సరోజన తమ్ముడు అంకయ్య అదే బాయిలో లాంపు రూములో, కిందికి దిగేవాళ్లకు దీపాలిచ్చే పని చేసేవాడు. బావ మాడ్రిడ్ అన్నాడు గనుక అంకయ్య బార్సిలోనా అన్నాడు. మాడ్రిడ్‌కు పడని క్లబ్బు ఏదని హనుమండ్లును అడిగి మరీ ఎంచుకున్నాడు. ఆ ఊళ్లు ఎటు దిక్కున ఉన్నాయో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అక్కడి మైదానాల్లో నిజంగానే పచ్చటి గడ్డి ఉంటుందా అని మాత్రం ఇద్దరూ హనుమండ్లును ఎన్నోసార్లు అడిగారు. ఒక్కసారి కళ్లతో చూడాలని ఇద్దరికీ ఒకటే ఆశ.

హోటల్లో మొదలైన వాదులాట సరోజన వాకిట్లో నులక మంచం మీద కూచున్నాక అసలు రంగులోకి వచ్చేది. ఎవడు ముందు తోశాడు, రిఫరీ ఎందుకు విజిల్ ఊదాడు, ఊదాల్సింది కాదా? చూడని ఆటను ఇద్దరూ ఆకు మీద సున్నం రాసినట్టు నేల మీద సుద్దముక్కతో గీసి మరీ కొట్లాడేవాళ్లు. "ఇగ తినుండ్రి, కూర చల్లగైతంది," అని సరోజన కసిరేది. కసిరేదే గాని, లోపల ఆమెకు అది సంబరంగా ఉండేది. వాళ్ల నాయన ఖానాపూర్ దగ్గర పొలంలో పాము కరిచి పోయినప్పుడు అంకయ్య ఇంకా చంక దిగని పిల్లవాడు. తల్లి భూమవ్వ కూలికి పోతే వాణ్ణి ఎత్తుకు తిరిగింది సరోజనే. ఆ పిల్లవాడు ఇప్పుడు మీసం తిప్పుతూ బావతో సమానంగా వాదిస్తుంటే వినడానికి ఆమె కావాలనే రొట్టెలు నెమ్మదిగా కాల్చేది.

ఇదంతా పంద్రాగస్టు దాకా.

ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల అరవైలో, పంద్రాగస్టుకు బాయిల మధ్య పోటీలు పెట్టారు. ఫైనలుకు రాయమల్లు జట్టు వచ్చింది. రిఫరీ చాందా నుంచి వచ్చిన పెద్దమనిషి. గీత వెంట జెండా పట్టుకుని పరుగెత్తడానికి రూల్స్ తెలిసిన మనిషి కావాలంటే హనుమండ్లు అంకయ్య పేరు చెప్పాడు. ఒకవైపు అంకయ్య, రెండోవైపు అవతలి బాయి మనిషి. క్వార్టర్లన్నీ ఖాళీ అయి జనం మైదానం చుట్టూ చేరారు. సరోజన ఆడవాళ్లతో కలిసి గోలు స్తంభాలకు దగ్గరగా నిలబడింది.

ఆట ముగియబోతుండగా బంతి గాల్లో తేలి వచ్చింది. రాయమల్లు దాన్ని రొమ్ముతో ఆపి, కింద పడనీయకుండా తన్నాడు. వల ఊగింది. జనం ఒక్కసారి లేచారు. ఎవరో సరోజన భుజం పట్టుకుని ఊపేశారు. అంతలోనే అరుపులు ఆగిపోయాయి. గీత దగ్గర అంకయ్య జెండా ఎత్తి నిలబడి ఉన్నాడు. జట్టువాడు బంతి అందించేవేళకే అవతలివాళ్లను దాటి రాయమల్లు ముందే గోలు దగ్గర ఉన్నాడని, అది ఆఫ్‌సైడని దాని అర్థం. రిఫరీ జెండా వంక చూసి, విజిల్ ఊది, గోలు లేదన్నాడు. తర్వాత కాసేపటికే అవతలివాళ్లు ఒకటి కొట్టి షీల్డు ఎత్తుకుపోయారు.

రాయమల్లు మైదానంలోనే అంకయ్య దగ్గరికి వచ్చాడు. కొడతాడేమోనని సరోజన ఆడవాళ్లలోంచి ముందుకు వచ్చింది. కొట్టలేదు.

"సొంత బామ్మర్దివి రా నువ్వు," అన్నాడు అంతే.

"ఆఫ్‌సైడ్ బావా," అన్నాడు అంకయ్య.

బావ కొట్టకపోయినా ఊరు ఊరుకోలేదు. లాంపు రూము కిటికీ ముందు దీపం తీసుకోవడానికి వరుసలో నిలబడ్డవాళ్లు తువ్వాల ఎత్తి జెండాలా ఊపేవాళ్లు. "లాంపు జర చూసియ్యి, ఆఫ్‌సైడ్ అయితదేమో," అని నవ్వేవాళ్లు. రాయమల్లు వాళ్లతో కలిసి నవ్వలేదు, అలాగని వాళ్లను ఆపలేదు కూడా. వరుసలో తన వంతు వచ్చినప్పుడు దీపం అందుకుని, తల ఎత్తకుండా వెళ్లిపోయేవాడు. అంకయ్య వాకిట్లోకి రావడం మానేశాడు. వినాయక చవితి దాటాక కొత్తగూడెం బాయిలకు మనుషులు కావాలంటే తనే పేరిచ్చుకున్నాడు. తల్లి భూమవ్వను, నిండు నెలలకు దగ్గరపడుతున్న పెళ్లాం తారాబాయిని తీసుకుని వెళ్లిపోయాడు. స్టేషనుకు సరోజన ఒక్కతే వెళ్లింది.

"నీకు తమ్ముడు లేడనుకోకక్కా, దూరమున్నడనుకో," అన్నాడు అంకయ్య కిటికీలోంచి.

ఇంటికొచ్చి చూస్తే రాయమల్లు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోలేదని ఆమెకు తెలుసు. బండి టైముకే వచ్చిందా అని అడిగాడు. వచ్చిందని ఆమె చెప్పింది.

తర్వాతి రోజుల్లో ఇల్లు పెద్దదైపోయినట్టు అనిపించింది సరోజనకు. సాయంత్రం రాయమల్లు హోటల్లో చాయ్ తాగి వచ్చి, మంచం మీద ఒక్కడే కూచుని, పెట్టింది తిని లేచేవాడు. కూర వేడివేడిగా ఉండగానే అయిపోయేది. పక్క వరుసలో భూమవ్వ ఉండిన క్వార్టర్లోకి ఎవరో ఉత్తరాది వాళ్లు వచ్చారు. ఆ వాకిలి ముందు నుంచి నీళ్లకు పోతుంటే సరోజన కాళ్లు వాటంతట అవే నెమ్మదించేవి.

కార్తీకంలో ఒకరోజు పొద్దున రేడియో వార్త చెప్పింది. మాడ్రిడ్, బార్సిలోనా ఆ కప్పులో ఎదురుపడ్డాయి. రెండు ఆటలు, ఒకటి వాళ్ల ఊళ్లో, ఒకటి వీళ్ల ఊళ్లో. మొదటిది మాడ్రిడ్‌లో అయింది, చెరి రెండు గోల్స్. వివరమంతా పేపరు వచ్చాక సాయంత్రం హనుమండ్లు చదివి చెప్పాడు. గోడకు ఇవతల సరోజన పిండి కలిపే చెయ్యి ఆపి విన్నది.

ఆట చివర్లో బార్సిలోనావాడు బంతి తీసుకుని దూసుకుపోతుంటే లైన్స్‌మన్ ఆఫ్‌సైడని జెండా ఎత్తాడట. రిఫరీ ఆ జెండాను లెక్కచేయలేదట. మాడ్రిడ్ గోల్‌కీపరు అతన్ని పడేస్తే పెనాల్టీ ఇచ్చాడట. దానితోనే ఆట సమానమైందట.

"అదెట్ల?" రాయమల్లు గొంతు గోడ అదిరేలా వినబడింది. "లైన్స్‌మన్ జెండా లేపిండు గద! జెండా లేపినంక రిఫరీ ఎట్ల ఇస్తడు? గీత కాడున్నోనికి తెలుస్తదా, దూరం నుంచి ఉరికొచ్చేటోనికి తెలుస్తదా?"

రాయమల్లుతో పాటు పనిచేసే గట్టయ్య మెల్లగా అన్నాడు:

"ఆ ముచ్చట పంద్రాగస్టు నాడు మన అంకయ్యకు ఎందుకు చెప్పకపోతివి, రాయమల్లు?"

ఎవడో నవ్వబోయి ఆపుకున్నాడు. రాయమల్లు చాయ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు. సరోజన ఏమీ వినబడనట్టు రొట్టె తిప్పింది. అతను గడపలో కూచుని చాలాసేపు వీధి వంక చూశాడు.

"వాడుంటే ఏమంటుండెనో," అన్నాడు చివరికి.

"ఎవడు?"

"ఎవడో నీకెర్క లేదా!" అని విసుక్కున్నాడు.

ఆ వారంలోనే కొత్తగూడెం నుంచి బదిలీ మీద వచ్చిన రాజయ్య అనే డ్రైవరు కబురు తెచ్చాడు. తారాబాయికి కొడుకు పుట్టాడు. తొట్టెలలో వేసే రోజుకు అక్కను, బావను తప్పకుండా రమ్మన్నాడట అంకయ్య. బావను అన్న మాట రెండుసార్లు చెప్పాడట.

"నువ్వు పో," అన్నాడు రాయమల్లు. "నాకు సెలవు దొరకది."

సరోజన బతిమాలలేదు. పసివాడికి రెండు అంగీలు కుట్టింది, మరదలికి చీర కొన్నది, అన్నీ ఒక మూటలో పెట్టుకుంది. ఒక్కతే అంత దూరం ఎట్లా పోవాలో రాజయ్యను అడిగి కనుక్కుంది. కాజీపేటలో మారాలి, డోర్నకల్‌లో మారాలి. ఆ పేర్లు లోలోపల అనుకుంటూ పనులు చేసుకుంటుండగా రెండో ఆట కబురు వచ్చింది.

బార్సిలోనా గెలిచింది. అన్నేళ్లుగా ఆ కప్పులో ఎవరి చేతిలోనూ చిత్తు కాని మాడ్రిడ్ బయటికి పోయింది. అదీ ఎట్లాగంటే, మాడ్రిడ్‌వాళ్లు కొట్టిన గోల్స్ ఒకటి తర్వాత ఒకటి రిఫరీ చెల్లవన్నాడట. మూడని ఒకరు, నాలుగని ఒకరు రాశారట.

ఆ సాయంత్రం హోటలంతా రాయమల్లు చుట్టూ చేరింది. అన్యాయమన్నారు. రిఫరీ కండ్లు దొబ్బినయా అన్నారు. గట్టయ్య తన పైసలతో చాయ్ ఇప్పించాడు. రాయమల్లు ఏం మాట్లాడితే దానికి తలలూపారు. సరోజన వింటూనే ఉంది, రాయమల్లు గొంతు మాటమాటకూ తగ్గిపోతోంది. అతను ఒక మాట అని ఆగుతున్నాడు, ఎదురు మాట వస్తుందేమోనని కాచుకుంటున్నాడు. ఎవడూ ఎదురు మాట్లాడలేదు.

ఇంటికొచ్చి చెంబు తీసుకుని కాళ్లు కడుక్కున్నాడు. మూట వంక చూశాడు.

"నా అంగీ గూడ అండ్ల వెట్టు," అన్నాడు.

"సెలవు?"

"అడుగుత. ఇయ్యకపోతే ఇయ్యకపాయె."

సరోజన పెట్టె వైపు తిరిగింది. అంగీ దొరకడానికి ఎంతో సేపు పట్టింది. అది పైననే ఉంది గాని, ఆమె కండ్లు మసకబారి కనబడలేదు.

కొత్తగూడెం స్టేషనులో బండి ఆగేసరికి మధ్యాహ్నం ఎండ వాలుతోంది. అక్కను తీసుకుపోవడానికి అంకయ్య వచ్చి, ఆడవాళ్ల పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. పక్క పెట్టెలోంచి సరోజన, ఆమె వెనక మూట పట్టుకుని బావ దిగడం చూసి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. రాయమల్లు మూట కింద పెట్టాడు. ప్రయాణమంతా నోరు విప్పని మనిషి, బాగున్నావా అనలేదు, కొడుకు ఎట్లున్నాడనలేదు.

"నాలుగు గోల్స్ రా!" అన్నాడు. "నాలుగు!"

కండ్లలో నీళ్లు నిండుతుండగానే అంకయ్య అన్నాడు:

"మూడే బావా. నాలుగోది కీపర్ను తోసిండు, గది ఎవ్వడు లెక్కవెడ్తడు?"

"తోసిండా! నువ్వు చూసినవా?"

"నువ్వు చూసినవా?"

మూట ఎవరూ ఎత్తుకోలేదు. ఇద్దరూ వాదించుకుంటూ గేటు దాకా నడిచిపోయారు. సరోజన వెనక నిలబడి కొంగుతో మొహం తుడుచుకుని, మూట నెత్తిన పెట్టుకుని వాళ్ల వెంట నడిచింది.

మరునాడు తొట్టెల అయింది. భూమవ్వ మనుమడి చెవిలో పేరు చెప్పింది, తాత పేరే. చుట్టాలు తిని వెళ్లిపోయాక ఇంటివాళ్లు మాత్రం వాకిట్లో వేపచెట్టు నీడకు చేరారు. పసివాడు సరోజన ఒళ్లో నిద్రపోతున్నాడు. మంచం మీద బావా బామ్మర్దులు మళ్లీ మొదలుపెట్టారు. రెండో ఆట అయిపోయి మొదటి ఆట దగ్గరికి వచ్చారు.

"సరే, అదంత ఇడ్చిపెట్టు," అన్నాడు రాయమల్లు. "మొదటి ఆటల లైన్స్‌మన్ జెండా లేపిండా లేదా? రిఫరీ చూడకుంట మీకు పెనాల్టీ ఇచ్చిండా లేదా? న్యాయమేనా, చెప్పు."

అంకయ్య మంచం నులక తాడును గోటితో గీరుతూ కూచున్నాడు.

"న్యాయం కాదు బావా," అన్నాడు. "గీత కాడ ఉన్నోడు లేపినంక ఆగాలె. నా క్లబ్బయినా గంతే."

గెలిచినందుకు రాయమల్లు మొహంలో సంతోషం కనబడలేదు. తన మాటే తిరిగి తన ముందుకు వచ్చి కూచుందని అతనికి అర్థమైంది. వాకిట్లో అందరికీ అర్థమైంది. తారాబాయి తొట్టెల తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మరి నాది?" అన్నాడు రాయమల్లు నెమ్మదిగా.

"నీది ఆఫ్‌సైడే బావా. నువ్వు ముందున్నవని చూసి, ఆ బంతి వలల పడొద్దని నేనే అనుకున్న. చెయ్యి లేపుకుంటనే నాకు ఏడుపొచ్చింది. లేపకుంటే ఎట్ల, నన్ను నిలవెట్టిందే అందుకాయె."

"ఆఫ్‌సైడ్ కాదు."

"అయింది బావా."

"కాదంటున్న!" రాయమల్లు చటుక్కున ఇటు తిరిగాడు. "సరోజనా, నువ్వు గోలు కాడ్నే నిలవడ్డవు గద. నువ్వు చెప్పు. ఆఫ్‌సైడా?"

ఇన్ని నెలల్లో ఈ మాట ఆమెను ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని మాత్రం ఆమె రోజూ భయపడింది. పెనిమిటి ఒకవైపు, ఎత్తి పెంచిన తమ్ముడు ఒకవైపు తన వంకే చూస్తున్నారు. భూమవ్వ కూడా దగ్గరికి జరిగింది.

"నేను బంతిని చూడలే," అన్నది సరోజన.

"చూడలేదా! గంత దగ్గరుండి?"

"నిన్ను చూసిన."

రాయమల్లుకు అర్థం కాలేదు.

"తెల్లారకముందే దీపం పట్టుకొని బాయిల దిగుతవు," అన్నది ఆమె. "నల్లగై, నడుమిరిగి వస్తవు. పగటి పూట నిన్నెప్పుడన్న చూసిన్నా నేను? అయ్యాల ఎండల ఉరుకుతుంటివి. నెత్తివెంట్రుకలు ఎగురుతుండె. పెండ్లిల గూడ గట్ల లేవు. నిన్నే చూసుకుంట నిలవడ్డ. బంతి ఎటు నుంచొచ్చిందో, ఎవడెక్కడున్నడో నాకేమెర్క? జనం ఒర్రితేనే గోలయిందని తెలిసింది."

తారాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భూమవ్వ, "నీ పాడుగాను," అంటూ తనూ నవ్వింది. రాయమల్లు మొహం దాచుకోవడానికి చోటు దొరక్క బీడీ కోసం జేబులు తడుముకున్నాడు. అంకయ్య తన జేబులోది తీసి ఇచ్చి, అగ్గిపుల్ల గీశాడు. సరోజన తల వంచి పసివాడి మొహం మీది ఈగను తోలింది. చెప్పనైతే చెప్పింది గాని, ఆ ఎండలోని మనిషిని మళ్లీ ఎప్పుడు చూస్తానో అన్న దిగులు అప్పుడే ఆమెను పట్టుకుంది. ఆ మ్యాచ్ తర్వాత అతను బంతి ముట్టలేదు.

"నేను సచ్చేదాక అది గోలే," అన్నాడు రాయమల్లు పొగ వదులుతూ.

"అను బావా. నేను కాదంట."

"కాదను."

అక్కడితో ఆ సంగతి అయింది.

రెండు రోజులున్నారు. బయలుదేరే ముందు సరోజన తమ్ముణ్ణి పక్కకు పిలిచి, మళ్లీ బెల్లంపల్లికి రాకూడదా అని అడిగింది. అంకయ్య నేల వంక చూశాడు. ఇక్కడ పని కుదురుకుందన్నాడు. అవ్వకు ఇక్కడి గాలి, నీళ్లు పడ్డాయన్నాడు. ఇక్కడి లాంపు రూములో తనను అందరూ మంచిగా చూస్తారన్నాడు. ఆ చివరి మాట విన్నాక ఆమె మళ్లీ అడగలేదు.

స్టేషనులో బండి కదిలే దాకా ఇద్దరూ కిటికీ దగ్గరే. మాడ్రిడ్ లేని కప్పు ఎవరిదన్నది ఇప్పటి తగువు. ఎవడైనా గెలవనీ, బార్సిలోనా మాత్రం గెలవదని రాయమల్లు పందెం కట్టాడు. కూత వేసి బండి కదిలింది. అంకయ్య చువ్వ పట్టుకుని పక్కనే నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. ఏదో గట్టిగా చెబుతున్నాడు, చెయ్యి గాల్లో తిప్పుతున్నాడు. చక్రాల చప్పుడులో మాట అందలేదు. ప్లాట్‌ఫారం చివర అతను ఆగిపోయాడు. నోరు ఇంకా కదులుతూనే ఉంది.

"ఏమన్నడే?" అన్నాడు రాయమల్లు తల బయటపెట్టి వెనక్కి చూస్తూ.

"ఇనవడలే."

మలుపు తిరిగి స్టేషను కనుమరుగైనా అతను తల లోపలికి తీయలేదు. బొగ్గు నుసి కండ్లలో పడుతుందని సరోజన అంగీ పట్టి లాగితే అప్పుడు కూచున్నాడు. అటువైపు అడవి మొదలైంది. మోదుగ చెట్లు, పుట్టలు, మేకల మంద. అతను వాటిని చూస్తున్నాడో లేదో తెలియదు.

"ఏమని ఉంటడు?" అన్నాడు కాసేపటికి.

సరోజనకూ అదే కావాలి. తమ్ముడు అన్న ఆఖరి మాట ఏమిటో ఆమె కూడా మనసులో అటూ ఇటూ వేసి చూస్తోంది. పెదవుల కదలిక గుర్తు తెచ్చుకుంది. అక్కా అన్నట్టుంది. బావా అన్నట్టూ ఉంది.

"గోలు గురించే ఏదో," అన్నది.

రాయమల్లు తలూపాడు. ఎదురు సీట్లో ముసలాయన డోర్నకల్ ఇంకెంత దూరమని అడిగితే, వినబడక మళ్లీ అడిగించుకుని, నాకు తెలువదు తాతా అన్నాడు.